తుపాకి దిగాక తేలాల్సిన లెక్క

రాగి పైరు వెన్ను తీసే రోజుల్లో మా కృష్ణగిరి జిల్లా అంచెట్టి చుట్టుపక్కల కొండ ఊళ్లలో మగవాళ్లు ఇళ్లలో పడుకోరు. చేనిలో మంచె కట్టుకుని, టపాసులూ టార్చిలైటూ పక్కన పెట్టుకుని, కావేరి అడవుల నుంచి ఏనుగులు దిగుతాయేమోనని తెల్లవార్లూ చెవి ఒగ్గి కూర్చుంటారు. పొద్దుపోయే కొద్దీ మాటలు పాత సంగతుల్లోకి జారుతాయి. పెద్దవాళ్లు చెప్పే ఆ సంగతుల్లో ఏనుగుల భయం కన్నా మనుషుల భయమే ఎక్కువ. రాత్రి అడవిలోంచి వచ్చినవాళ్లు బియ్యం అడిగితే ఇవ్వక తప్పదు. పొద్దున రోడ్డు మీంచి వచ్చినవాళ్లు ఎందుకిచ్చావని కొడితే పడక తప్పదు. కావేరి ఒడ్డు ఊళ్లకు గంధపు దొంగ వీరప్పన్ కాలం అంటే గుర్తున్నది ఇదే.

ఆ కావేరి పేరు పెట్టి మన ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ఆఫ్రికాలో ఒక మంచి పని చేసింది. ఆ నెల 15న సూడాన్ రాజధాని ఖార్టూమ్‌లో సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే అర్ధసైనిక దళానికీ యుద్ధం మొదలైంది. సైన్యాధిపతి అబ్దుల్ ఫత్తా అల్ బుర్హాన్, ఆర్‌ఎస్‌ఎఫ్ నాయకుడు హెమెద్తీ ఇద్దరూ 2021లో చేతులు కలిపి పౌర ప్రభుత్వాన్ని కూలదోసినవాళ్లే. రెండేళ్లు తిరగకుండానే ఒకరి మీద ఒకరు ఫిరంగులు తిప్పుకున్నారు. ‘ఆపరేషన్ కావేరి’ పేరిట మన నౌకాదళం, వైమానిక దళం పోర్ట్ సూడాన్ నుంచి జెడ్డాకు, అక్కడి నుంచి స్వదేశానికి 3,862 మందిని చేర్చాయి. అందులో తెలుగువాళ్లున్నారు. మూలికల నూనెలు అమ్ముకుంటూ అంత దూరం పోయిన కర్ణాటక హక్కిపిక్కి కుటుంబాలూ ఉన్నాయి. మనవాళ్లు వచ్చేశారు, మనకు ఆ వార్త అయిపోయింది. అక్కడివాళ్లకు అయిపోలేదు. కోటి మందికి పైగా ఇల్లూ వాకిలీ విడిచి చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారు. డార్ఫర్‌లోని ఎల్ ఫాషర్ పట్టణాన్ని ఏడాదిన్నర పాటు దిగ్బంధం చేసి, జనం పశువుల దాణా తినే దాకా తెచ్చి, 2025 అక్టోబర్ 26న ఆర్‌ఎస్‌ఎఫ్ పట్టుకుంది. ఆ తర్వాత అక్కడ జరిగిన ఊచకోత ఆనవాళ్లు ఉపగ్రహ చిత్రాల్లో కూడా కనిపించాయి.

ఆఫ్రికాలో యుద్ధం అనగానే మనలో చాలామంది నోటికి ‘తెగల కొట్లాట’ అనే మాట వస్తుంది. ఆ మాట అన్నాక ఇక ఆలోచించే పని ఉండదు కాబట్టి అది అందరికీ సులువుగా ఉంటుంది. నిజం మాత్రం మన అడవిలో చూసిన దానికి దగ్గరగా ఉంటుంది. తుపాకికి తూటా కావాలి, తూటాకు డబ్బు కావాలి, డబ్బుకు అమ్ముకునే సరుకు కావాలి. వీరప్పన్‌కు మొదట ఏనుగు దంతం, తర్వాత శ్రీగంధం ఆ సరుకు. అంగోలాలో యూనిటా దళం నడిపిన జోనాస్ సవింబీకీ దంతమే, ఆ వెనక వజ్రాలు. ఆ దంతాలను దాటించడంలో దక్షిణాఫ్రికా తెల్లవారి సైన్యానికే చేయి ఉందని అక్కడి కుమ్లెబెన్ కమిషన్ 1996లో తేల్చింది. సియెర్రా లియోన్‌లో తిరుగుబాటుదారులకు వజ్రాలు, తూర్పు కాంగోలో మన సెల్‌ఫోన్లలోకి చేరే కోల్టాన్ ఖనిజం, డార్ఫర్‌లో బంగారం. సరుకు మారింది, దారి ఒకటే. అడవిలో తుపాకి పట్టినవాడి పేరు అందరికీ తెలుస్తుంది. ఊళ్లో తూకం పట్టినవాడి పేరు ఎవరికీ తెలియదు. వీరప్పన్ దంతాలు కొన్న పెద్దవాళ్లెవరో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

శాంతి వెతకడం గురించి రాయాలంటే మా వైపు ముందుగా చెప్పుకోవలసిన పేరు పందిళ్లపల్లి శ్రీనివాస్. రాజమండ్రిలో పుట్టిన తెలుగు బిడ్డ, కర్ణాటక అటవీ శాఖ అధికారి. 1986లో పట్టుబడిన వీరప్పన్ అటవీ శాఖ కాపలాలోంచి తప్పించుకుపోయాక అతన్ని పట్టే పనిని శ్రీనివాస్ తన పనిగా భుజాన వేసుకున్నాడు. హొగెనక్కల్ అవతల, వీరప్పన్ సొంత ఊరు గోపీనాథంలోనే కాపురం పెట్టాడు. ఊరికి దవాఖానా తెచ్చాడు, ఇళ్లు కట్టించాడు, మారెమ్మ గుడి కట్టించాడు. ముఠాలో చేరిన పడుచువాళ్ల ఇళ్లకు పోయి తల్లులతో మాట్లాడాడు. ఒక్కొక్కరే అడవి దిగి వచ్చి లొంగిపోసాగారు. ముఠా కరిగిపోతుంటే వీరప్పన్‌కు భయం పట్టుకుంది. తానూ లొంగిపోతానని, ఆయుధం లేకుండా రమ్మని తమ్ముడి చేత కబురు పెట్టించాడు. శ్రీనివాస్ నమ్మి వెళ్లాడు. 1991 నవంబర్ 10న కాల్చి చంపి తల నరికేశారు. ప్రభుత్వం కీర్తి చక్ర ఇచ్చింది. గోపీనాథం వాళ్లు ఆయన పటాన్ని మారెమ్మ గుడిలో పెట్టుకున్నారు.

శ్రీనివాస్ చావును చూపించి, మంచితనంతో పని కాదని అప్పట్లో చాలామంది అన్నారు. నేనలా అనుకోను. ఆయన పద్ధతి ఫలిస్తున్నది గనుకనే ఆయన్ను చంపారు. ముఠా బలం తుపాకుల్లో లేదు, ఊరి మౌనంలో ఉంది. ఆ మౌనాన్ని విప్పగలిగినవాడు ఆ ఒక్కడే. ఆయన తర్వాత వచ్చినవాళ్లు దాన్ని కొట్టి విప్పాలని చూశారు. 1993 ఏప్రిల్ 9న పాలార్ దగ్గర మందుపాతర పేలి 22 మంది చనిపోయాక రెండు రాష్ట్రాల ప్రత్యేక దళాలు ఊళ్ల మీద పడ్డాయి. మలె మహదేశ్వర కొండ మీద ‘వర్క్‌షాప్’ అని పేరుపడిన చిత్రహింసల శిబిరం నడిచింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ వేసిన జస్టిస్ సదాశివ కమిటీ ముందు మగవాళ్లూ ఆడవాళ్లూ వచ్చి ఒంటి మీద కరెంటు పెట్టిన సంగతులు చెప్పారు. 2007లో 89 మందికి కలిపి 2.80 కోట్ల రూపాయలు ఇవ్వమని కమిషన్ చెప్పింది. తలకు మూడు లక్షల చిల్లర. వీరప్పన్ తల మీద పెట్టిన బహుమతి కోట్లలో ఉండేది.

ఇది చదివిన కాంగో పౌరుడెవడూ ఆశ్చర్యపోడు. తూర్పు కాంగోలోని కివూ కొండల్లో ముప్పై ఏళ్లుగా ఇదే కథ. ఎం-23 అనే తిరుగుబాటు దళం 2025 జనవరి ఆఖరులో గోమా నగరాన్ని, మరుసటి నెలలో బుకావూను పట్టుకుంది. జూన్ 27న వాషింగ్టన్‌లో కాంగో, రువాండా విదేశాంగ మంత్రులు శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు. కత్తి అంచున బతికే కివూ రైతు ఆ గదిలో లేడు. ఎం-23 కూడా ఆ సంతకాల్లో లేదు, దానితో మాటలు వేరేగా దోహాలో నడిచాయి. గోమాలో భారత సైన్యం ఏళ్ల తరబడి ఆసుపత్రి నడుపుతోంది. మన జవాన్లు ఐక్యరాజ్యసమితి నీలి టోపీ పెట్టుకుని 1960 నుంచి కాంగోలో పని చేశారు. కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియా 1961 డిసెంబర్‌లో ఎలిజబెత్‌విల్‌లో ప్రాణం ఇచ్చి పరమవీర చక్ర పొందాడు. ఇంత చేసిన దేశానికి అక్కడి శాంతి ఎందుకు నిలవడం లేదో అడిగే హక్కుంది.

నా జవాబు ఇది. తుపాకులు పట్టినవాళ్లు ఇద్దరు కూర్చుని రాసుకున్న కాగితం వాళ్లిద్దరి అవసరం తీరే దాకానే నిలుస్తుంది. రెండు వైపులా దెబ్బలు తిన్న మూడో మనిషికి ఆ కాగితంలో చోటుండాలి, అతని లెక్క ముందు తేలాలి. ఆ లెక్క ఎగ్గొట్టిన చోట యుద్ధం పేరు మార్చుకుని మళ్లీ వచ్చింది.

లెక్క తేలడం ఎంత కష్టమో చూడడానికి ఆఫ్రికా దాకా పోనక్కర్లేదు. కృష్ణగిరి 2004లో వేరు జిల్లా అయ్యే దాకా మేమంతా ధర్మపురి జిల్లా వాళ్లమే. ఆ జిల్లాలో, చిత్తేరి కొండల కింద వాచాత్తి అనే గిరిజనుల ఊరుంది. 1992 జూన్ 20న శ్రీగంధం దాచారని అటవీ, పోలీసు, రెవెన్యూ సిబ్బంది ఊరిని చుట్టుముట్టారు. జనాన్ని మర్రిచెట్టు కిందికి తోలారు. ఆ గుంపులోంచి 18 మంది ఆడపిల్లలను చెరువు వైపు తీసుకుపోయి చెరిచారు. ఇళ్లు కూల్చారు, తిండిగింజలు పాడుచేశారు, బావి నీళ్లు తాగడానికి లేకుండా చేశారు. ఆడవాళ్లను, పిల్లలను జైలుకు పంపారు. కమ్యూనిస్టులు, గిరిజన సంఘం పోరాడితే, హైకోర్టు చెబితే, 1995లో కేసు సీబీఐకి పోయింది. 2011 సెప్టెంబర్ 29న ధర్మపురి కోర్టు నిందితులు 269 మందీ దోషులేనని చెప్పింది. అప్పటికి వాళ్లలో 54 మంది చనిపోయారు. శిక్ష పడిన 215 మందిలో 126 మంది అటవీ శాఖ, 84 మంది పోలీసులు, అయిదుగురు రెవెన్యూ. సరిగ్గా పన్నెండేళ్లకు, 2023లో అదే తేదీన మద్రాసు హైకోర్టు ఆ తీర్పును ఖాయం చేసి, బాధిత స్త్రీలకు ఒక్కొక్కరికి పది లక్షలు ఇవ్వమంది.

ఇప్పుడు రువాండా చూద్దాం. 1994 ఏప్రిల్ నుంచి నూరు రోజుల్లో దాదాపు ఎనిమిది లక్షల మందిని నరికి చంపారు. తాబా అనే ఊరికి మేయరుగా ఉన్న అకయేసు మీద ఐక్యరాజ్యసమితి ట్రిబ్యునల్ విచారణ జరిపింది. మొదట నేరపత్రంలో అత్యాచారాల ఊసే లేదు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన తల్లులు అడగని సంగతి తామే చెప్పారు. బెంచిలో ఉన్న ఒకే ఒక్క మహిళా న్యాయమూర్తి నవి పిళ్లై ఆ మాటలు వదిలిపెట్టలేదు. ఆమె డర్బన్‌లో తమిళ కుటుంబంలో, బస్సు డ్రైవరు ఇంట పుట్టింది. 1998 సెప్టెంబర్ 2న వచ్చిన తీర్పు అత్యాచారం కూడా జాతి నిర్మూలనకు ఆయుధమేనని ప్రపంచంలో తొలిసారి చెప్పింది. నరమేధం ముగిసిన నాలుగేళ్లకు వచ్చిన తీర్పు అది. వాచాత్తి కింది కోర్టు తీర్పుకే పందొమ్మిదేళ్లు పట్టింది. ఆఫ్రికాకు మనం నేర్పవలసినవే కాకుండా వాళ్ల దగ్గర నేర్చుకోవలసినవీ ఉన్నాయని ఇలాంటి చోట్లే తెలుస్తుంది.

న్యాయం ముందా, శాంతి ముందా అన్న చిక్కు మాత్రం ఎవరూ తేలిగ్గా విప్పలేదు. 1999 జులైలో సియెర్రా లియోన్‌లో యుద్ధం ఆపడానికి లోమే ఒప్పందం చేశారు. జనం చేతులు నరికించిన తిరుగుబాటు నాయకుడు ఫోడే సంకోకు క్షమాభిక్ష పెట్టడమే కాదు, వజ్రాల గనుల మీద పెత్తనం చూసే పదవి కూడా ఇచ్చారు. ఏడాది తిరగకుండా అతని మనుషులు శాంతి సైనికులను వందల సంఖ్యలో బందీలుగా పట్టుకున్నారు. కైలహూన్‌లో చిక్కుబడిన మన గూర్ఖా జవాన్లు 2000 జులైలో ‘ఆపరేషన్ ఖుక్రీ’తో వలయం తెంచుకుని బయటపడ్డారు. సరిగ్గా ఆ నెలలోనే, 30న, వీరప్పన్ గాజనూరులో కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను ఎత్తుకుపోయాడు. ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కింద మైసూరు జైల్లో ఉన్నవారిని వదలాలన్నది అతని షరతుల్లో ఒకటి. ప్రభుత్వాలు సరేనన్నాయి. 1992లో ముఠా చేతిలో చనిపోయిన ఎస్సై షకీల్ అహ్మద్ తండ్రి అబ్దుల్ కరీం ఒక్కడే సుప్రీంకోర్టుకు వెళ్లాడు. నవంబర్ 7న కోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పి విడుదల ఆపింది. కొడుకును పోగొట్టుకున్న తండ్రి అడిగింది న్యాయం. ఇటు జైల్లో ఏళ్ల తరబడి మగ్గినవాళ్లలో చాలామందిని నిరపరాధులని మరుసటి ఏడాది టాడా కోర్టే వదిలేసింది. ఇద్దరూ నిజమే చెప్పారు. విచారణ వేళకు జరిగి ఉంటే వీళ్లు ఒకరికొకరు ఎదురు నిలవాల్సి వచ్చేదే కాదు. ఆలస్యమే ఇద్దరికీ శత్రువైంది.

తుపాకి దింపడం ఎలాగో మొజాంబిక్ చూపించింది. పదహారేళ్లు నడిచి దాదాపు పది లక్షల ప్రాణాలు తిన్న యుద్ధం అది. 1992 అక్టోబర్ 4న రోమ్‌లో సంతకాలయ్యాయి. కూర్చోబెట్టి మాట్లాడించింది ఏ అగ్రరాజ్యమూ కాదు, సంత్ ఎజీదియో అనే క్రైస్తవ సేవాసంఘం. ఆ తర్వాత 1995లో బిషప్ దినిస్ సెంగులానె చొరవతో అక్కడి చర్చీలు ఒక పథకం పెట్టాయి. తుపాకి తెచ్చి ఇస్తే కుట్టుమిషనో, సైకిలో, పారో, గునపమో ఇస్తారు. వచ్చిన తుపాకులను ముక్కలు చేసి శిల్పాలు చేశారు. అలా చేసిన కుర్చీ ఒకటి ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మా అడవి ఊళ్లలోనూ నాటు తుపాకులు అప్పగించమని పోలీసులు అప్పుడప్పుడు దండోరా వేయిస్తారు. రాత్రికి రాత్రి ఎవరో ఊరి నడుమ పెట్టిపోతారు, తెల్లారి పోలీసులు లెక్కపెట్టి తీసుకుపోతారు. కేసు పెట్టకుండా వదలడం మంచిదే. మరి ఏనుగు తొక్కిన రాగి చేనుకు పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఆ రైతు చేతికి తుపాకి బదులు ఏమిచ్చాం? సెంగులానె ఆ ప్రశ్నకు కుట్టుమిషనుతో జవాబు చెప్పాడు.

మూడో మనిషి కుర్చీ లాక్కుని కూర్చున్న సందర్భం కూడా ఉంది. 2003లో లైబీరియా రాజధాని మన్రోవియాలో ఆడవాళ్లు తెల్ల బట్టలు కట్టుకుని చేపల బజారు దగ్గర రోజుల తరబడి ఎండలో వానలో కూర్చున్నారు. క్రైస్తవులూ ముస్లింలూ కలిసి కూర్చున్నారు. ఘనాలో చర్చలు సాగదీస్తుంటే లేమా బోవీ నాయకత్వంలో అక్కడికీ వెళ్లి, హాలు గుమ్మాలకు అడ్డంగా కూర్చుని, తేల్చే దాకా ఒక్కరినీ బయటికి పోనివ్వమన్నారు. ఆగస్టు 18న ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత లైబీరియాకు ఐక్యరాజ్యసమితి పంపిన తొలి మహిళా పోలీసు దళం 2007లో మన దేశం నుంచే వెళ్లింది.

తెలుగు నేల మీద కూడా ఆ కుర్చీ కోసం ప్రయత్నం జరిగింది. తమిళనాట పుట్టి తెలుగు పేదల మధ్య జీవితం గడిపిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్‌ను 1987లో నక్సలైట్లు గుర్తేడు దగ్గర ఎత్తుకుపోయి తర్వాత వదిలారు. ఆ కోపం ఆయన మనసులో పెట్టుకోలేదు. 1997 నుంచి పౌర స్పందన వేదిక తరఫున ప్రభుత్వాన్నీ నక్సలైట్లనూ ఒకే మాట అడిగాడు: మీ ఇద్దరి హింస మధ్య ఊరి మనిషి గొంతు ఎక్కడ పోయింది? 2004 అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాద్ మంజీరా అతిథి గృహంలో చర్చలు జరిగాయి. ఆయుధాల ప్రశ్న మీద చిక్కుబడి, 2005 జనవరికల్లా తెగిపోయాయి. చర్చలు ముగిసిన ఆ అక్టోబర్ 18 రాత్రే ధర్మపురి జిల్లా పాప్పారపట్టి దగ్గర వీరప్పన్‌ను కాల్చి చంపారు. ఒకే రోజు ఒకచోట మాట, ఒకచోట తూటా. తూటా ఆ ముఠా కథ ముగించింది, కాదనను. అయితే వర్క్‌షాప్‌లో దెబ్బలు తిన్నవాళ్లకు న్యాయం ఆ తూటాతో రాలేదు.

సూడాన్‌కు మళ్లీ వద్దాం. 2003-04లో డార్ఫర్‌లో జంజవీద్ ముఠాలు చేసిన ఘోరాలకు అలీ కుషైబ్‌ను అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2025 అక్టోబర్ 6న దోషిగా తేల్చింది. ఇరవై రోజుల తర్వాత, ఆ ముఠాల్లోంచే పుట్టిన ఆర్‌ఎస్‌ఎఫ్ ఎల్ ఫాషర్‌లో అవే పనులు చేసింది. తీర్పు ఇరవై ఏళ్లు ఆలస్యమైతే నేరం మళ్లీ జరగడానికి కావలసినంత తీరిక దొరికినట్టే. అక్కడ చర్చల బల్ల చుట్టూ అమెరికా, సౌదీ, ఈజిప్ట్, ఎమిరేట్స్ ఉన్నాయి. గంజి కాచి వీధివీధినా జనాన్ని బతికిస్తున్న సూడాన్ కుర్రాళ్ల అత్యవసర సహాయ బృందాలు మాత్రం బల్లకు దూరంగానే ఉన్నాయి. శాంతి సైనికుల్లో పెద్ద వాటా మోసే భారత్ ఆ బృందాలకు కుర్చీ వేయమని గట్టిగా అడగాలి. అడిగే అర్హత సలారియా నాటి నుంచీ సంపాదించుకున్నదే.

అడగడం ఒక్కటే చాలదు, మన చేతుల్లో ఉన్నదీ ఒకటుంది. సూడాన్ బంగారంలో అధిక భాగం దుబాయ్ చేరుతుంది, దుబాయ్ నుంచి మన దేశానికీ బంగారం వస్తుంది. వజ్రాలకు 2003 నుంచి కింబర్లీ ధ్రువపత్రం ఉంది. లోపాలున్నా ఒక అడ్డుకట్ట అది. బంగారానికి ప్రపంచమంతటా చెల్లే అలాంటి ధ్రువపత్రం లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి నగల మీద ఆరు అక్షరాల హాల్‌మార్క్ నంబరు తప్పనిసరి చేశారు. సరిగ్గా రెండు వారాలకు ఖార్టూమ్‌లో యుద్ధం మొదలైంది. ఆ నంబరు నగ ఎంత స్వచ్ఛమో చెబుతుంది, ఏ దేశపు గనిదో చెప్పదు. దిగుమతి అయ్యే ప్రతి కడ్డీకీ ఏ గనిదో ధ్రువపత్రం ఉండాలని చట్టం చేయమని కృష్ణగిరి నుంచి హైదరాబాద్ దాకా మన ఎంపీలను అడుగుదాం. వచ్చే పెళ్లిళ్ల కాలంలో నగ కొనేటప్పుడు, ఇది ఎక్కడి బంగారమని అంగడివాళ్లనూ అడగండి.